నిమ్మకాయ మీద పడ్డ నింద

కొలెస్ట్రాల్ మాత్ర వేసుకునేవాళ్లు నిమ్మజాతి పళ్లు ముట్టుకోకూడదన్న మాట ఈమధ్య మన ఇళ్లలో బాగా పాకింది. ఫ్యామిలీ గ్రూపులో ఎవరో ఒకరు పంపుతారు, నలుగురు దండం బొమ్మలు పెడతారు, ఆ వారం నుంచే ఇంట్లో పెద్దవాళ్లు మజ్జిగలో నిమ్మకాయ పిండుకోవడం మానేస్తారు. కొందరు పులిహోర కూడా వద్దంటారు. బత్తాయి రసం తాగితే గుండె మాత్ర విషమైపోతుందట కదా అని నన్ను అడిగినవాళ్లూ ఉన్నారు. మరీ భయపడ్డవాళ్లు పండు మానరు, మాత్ర మానేస్తారు. పండు దేవుడిచ్చింది, మాత్ర కంపెనీవాడు అమ్మేది, రెండిట్లో ఒకటి వదలాలంటే ఏది వదలాలో వేరే చెప్పాలా అని వాళ్ల లెక్క.

ఫార్మసీ చదువుకుని, కొన్నాళ్లు ఆసుపత్రి మందుల కౌంటర్లో నిలబడి పనిచేసిన మనిషిగా ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. హెచ్చరిక అబద్ధం కాదు. కాకపోతే అందులోని నిజం గ్రేప్‌ఫ్రూట్ అనే ఒకే ఒక్క విదేశీ పండుకీ, దాని దగ్గరి చుట్టాలకీ, కొన్ని రకాల మాత్రలకీ సంబంధించింది. మన వంటింట్లో బుట్టలో ఉన్న నిమ్మకాయకి సంబంధించింది కాదు. పండు గురించి మనవాళ్లు పడే టెన్షన్‌లో కొంచెమైనా, అచ్చం ఆ పండు చేసే పనే ఇంకా గట్టిగా చేసే కొన్ని మందుల గురించి పడితే చాలామందికి మేలు జరిగేది. ఆ సంగతి ఎవరూ ఫార్వర్డ్ చేయడం లేదు.

ఇదంతా కెనడాలో మొదలైంది. ఒంటారియో రాష్ట్రంలో లండన్ అనే ఊరుంది. అక్కడ డేవిడ్ బెయిలీ అనే ఔషధ శాస్త్రవేత్త, ఫెలోడిపిన్ అనే బీపీ మాత్రకీ మద్యానికీ పడుతుందో లేదో చూడాలని ఒక ప్రయోగం పెట్టుకున్నాడు. (ఈయన కుర్రతనంలో పరుగు పందేల మనిషి. నాలుగు నిమిషాలలోపు మైలు పరిగెత్తిన తొలి కెనడియన్ ఈయనే, 1966లో.) తాగేది మద్యమో కాదో మనిషికి తెలియకూడదు కాబట్టి రుచి దాచడానికి గ్రేప్‌ఫ్రూట్ రసంలో కలిపి ఇచ్చారు. తీరా చూస్తే మద్యం తాగినవాళ్లలోనే కాదు, ఉత్త రసం తాగినవాళ్లలో కూడా రక్తంలో మందు ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువ కనిపించింది. అంటే తేడా తెచ్చింది మద్యం కాదు, రుచి కోసం పోసిన రసం. 1989లో ఆ సంగతి బయటపెట్టారు. 1991లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వివరంగా రాశారు. ఆరుగురు మగవాళ్ల మీద చేసిన ఆ పరీక్షలో, మాత్రని నీళ్లతో వేసుకున్నప్పటికంటే గ్రేప్‌ఫ్రూట్ రసంతో వేసుకున్నప్పుడు సగటున 2.84 రెట్లు మందు రక్తంలోకి చేరింది.

అదే పరీక్షలో నారింజ రసం కూడా ఇచ్చి చూశారు. దానితో ఏ మార్పూ రాలేదు. అంటే ఈ సంగతి లోకానికి తెలిసిన రోజుల్లోనే నారింజ నిర్దోషి అని కూడా తేలిపోయింది. మూడు దశాబ్దాలు దాటాక మనం బత్తాయిని బోనులో నిలబెట్టి విచారిస్తున్నాం.

గ్రేప్‌ఫ్రూట్ అంటే ద్రాక్ష కాదు. పెద్ద నారింజలా ఉండి, లోపల ఎర్రగానో పసుపుగానో, కాస్త చేదుగా ఉండే పండు. పద్దెనిమిదో శతాబ్దంలో బార్బడోస్ దీవిలో పంపర పనసకీ తీపి నారింజకీ పుట్టిన సంకరం. దాంట్లో ఫ్యూరనోకూమరిన్లనే పదార్థాలుంటాయి, బెర్గమాటిన్ వాటిలో ఒకటి. మన పేగు గోడల్లో సీవైపీ3ఏ4 అనే ఎంజైమ్ ఉంటుంది. మింగిన మందులో కొంత భాగాన్ని అది రక్తంలోకి పోకముందే విరగ్గొట్టేస్తుంది. మందు కంపెనీలు ఆ నష్టాన్ని లెక్కలోకి తీసుకునే మోతాదు నిర్ణయిస్తాయి. సిమ్వాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్రే తీసుకోండి, నూరు పాళ్లు మింగితే చివరికి రక్తంలోకి చేరేది ఐదు పాళ్లు. ఫ్యూరనోకూమరిన్ల దెబ్బకి ఎంజైమ్ పడుకుంటే ఆ ఐదు కాస్తా పది, పదిహేను, ఇంకా ఎక్కువ అవుతుంది. మాత్ర అదే, మింగింది ఒకటే, ఒంట్లో పనిచేసేది మాత్రం మూడు మాత్రల మందు.

ఇంకో చిక్కు కూడా ఉంది. గ్రేప్‌ఫ్రూట్ ఆ ఎంజైమ్‌ని కాసేపు ఆపి వదిలేయదు, పనికిరాకుండా చేసేస్తుంది. పేగు మళ్లీ కొత్త ఎంజైమ్ తయారు చేసుకోవాలి, దానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. అందుకే ‘పొద్దున రసం తాగి రాత్రి మాత్ర వేసుకుంటాను, రెండూ కలవవుగా’ అన్న తెలివి ఇక్కడ పూర్తిగా పనిచేయదు.

అన్ని కొలెస్ట్రాల్ మాత్రలకీ (ఎక్కువగా వాడేవి స్టాటిన్లనే జాతివి) ఈ గొడవ లేదు. సిమ్వాస్టాటిన్, లోవాస్టాటిన్‌లకి ఎక్కువ. అటోర్వాస్టాటిన్‌కి కొంత. రోసువాస్టాటిన్, ప్రవాస్టాటిన్, పిటవాస్టాటిన్, ఫ్లువాస్టాటిన్ ఈ ఎంజైమ్ మీద పెద్దగా ఆధారపడవు కాబట్టి వాటి జోలికి గ్రేప్‌ఫ్రూట్ రాదు. సిమ్వాస్టాటిన్ మీద ఫిన్లాండ్ పరిశోధకులు చేసిన పరీక్షలు చూస్తే మోతాదు ఎంత ముఖ్యమో తెలుస్తుంది. 1998లో చిక్కటి రసం రోజుకి మూడుసార్లు తాగించి చూస్తే రక్తంలో మందు 16 రెట్లు పెరిగింది. తర్వాత 2004లో మామూలు రసం రోజుకి ఒక గ్లాసు చొప్పున ఇచ్చి చూస్తే 3.6 రెట్లు. మన దగ్గర డాక్టర్లు ఎక్కువగా రాసేవి అటోర్వా, రోసువా. అంటే మన వీధిలో కొలెస్ట్రాల్ మాత్ర వేసుకునేవాళ్లలో ఒక పెద్ద వర్గానికి, రోసువా వాళ్లకి, గ్రేప్‌ఫ్రూట్ గొడవే లేదు.

మందు ఎక్కువైతే ఏమవుతుంది? కండరాలు నొప్పెడతాయి. తొడలు, పిక్కలు, భుజాలు. చాలా అరుదుగా కండరం కరిగి ఆ వ్యర్థం కిడ్నీల మీద పడుతుంది, మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తుంది, అప్పుడు ప్రాణం మీదికే రావచ్చు. 2001లో బేయర్ కంపెనీ సెరివాస్టాటిన్ అనే మాత్రని మార్కెట్లోంచి వెనక్కి తీసుకుంది ఈ కారణంతోనే. అప్పుడు చనిపోయినవాళ్లలో పలువురు జెమ్‌ఫిబ్రోజిల్ అనే ఇంకో కొవ్వు మందు కూడా వేసుకుంటున్నవాళ్లు. ఇది గుర్తుంచుకోండి. పండు వల్ల కాదు, పక్కనున్న మాత్ర వల్ల.

ఇక మన పళ్ల సంగతి. నిమ్మకాయలో, ముఖ్యంగా తొక్కలో, ఆ జాతి పదార్థాలు ఉంటాయి, కానీ పప్పులోకో మజ్జిగలోకో పిండుకునే చెంచాడు రసాన్ని ఏ డాక్టరూ మానమనడు. బత్తాయి, రాయలసీమవాళ్లు చీనీ అనేది, తీపి నారింజ జాతిది. అనంతపురం, నల్లగొండ తోటల కాయ మీద ఈ నేరం మోపడానికి ఆధారం లేదు. కమలాపండు కూడా అంతే. విదేశాల్లో మార్మలేడ్ అనే జామ్ చేసే సెవిల్ నారింజలో మాత్రం ఫ్యూరనోకూమరిన్లు ఉన్నాయి, అది మన బజారులో మామూలుగా దొరికే రకం కాదు.

నిజంగా ఆగి ఆలోచించాల్సింది పంపర పనస గురించి. గ్రేప్‌ఫ్రూట్‌కి కన్నతల్లి కదా. గోదావరి జిల్లాల్లో పెరిగినవాళ్లకి ఈ పండు గురించి చెప్పక్కర్లేదు. వినాయక చవితికి పాలవెల్లికి కట్టే కాయల్లో ఇదీ ఉంటుంది. పూజయ్యాక దాన్ని ఒలవడం ఒక పెద్ద పని. వేలెడు మందం తొక్క, దాని కింద దూదిలాంటి తెల్లటి పొర, ఆ తర్వాత ఒక్కో తొనకీ దళసరి చర్మం. అది చీల్చి గులాబీ రంగు గింజల్లాంటి గుజ్జు బయటికి తీసి, ఉప్పూ కారం చల్లి పిల్లల చేతుల్లో పెడతారు. ఈ పండులో కూడా ఫ్యూరనోకూమరిన్లుంటాయి, రకాన్ని బట్టి ఎక్కువో తక్కువో. కిడ్నీ మార్పిడి చేయించుకున్న ఒక రోగికి పంపర పనస తిన్నాక టాక్రోలిమస్ అనే మందు రక్తంలో పెరిగిందని 2003లో జపాన్ వైద్యులు నమోదు చేశారు. కాబట్టి కిడ్నీయో కాలేయమో మార్పించుకున్నవాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది. సిమ్వాస్టాటిన్ వేసుకునేవాళ్లకి కూడా నేను వద్దనే చెబుతాను. అటోర్వా వేసుకునే పెద్దాయన పండగ రోజు నాలుగు తొనలు ప్రసాదంగా తింటే కొంప మునగదు. చెట్టు పెరట్లో ఉంది కదా అని కాపు ఉన్నన్నాళ్లూ రోజూ కాయ లాగిస్తుంటే అప్పుడు డాక్టరుకి చెప్పాలి.

ఇప్పుడు మా బాబాయి సంగతి చెబుతాను. స్టెంట్ వేశాక ఆయనకి అటోర్వా 40 రాశారు. ఫార్వర్డ్ చూసిన దగ్గర్నుంచి నిమ్మకాయ, బత్తాయి, కమలా అన్నీ బంద్. చికెన్ వండితే పక్కన నిమ్మచెక్క పెట్టినా కంచం పక్కకి నెట్టేవాడు. అంత నిష్ఠ. ఆ వానాకాలంలో గజ్జల్లో తామర పట్టుకుంది. మన వాతావరణంలో ఎంతమందికో ఉన్నదే. మెడికల్ షాపు ఆయింట్‌మెంట్లు రాసి రాసి తగ్గక, చివరికి చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లాడు. ఆయన ఇట్రాకొనజోల్ క్యాప్సూల్స్ నెలకి రాశాడు. తామర తగ్గుతోంది, తొడలు పట్టేస్తున్నాయి. మెట్లెక్కాలంటే రెయిలింగ్ పట్టుకోవాల్సి వస్తోంది. వయసు వచ్చింది కదా అని పిన్ని వేడినీళ్ల కాపడం పెడుతోంది.

నేను వెళ్లిన రోజు మందులన్నీ ఒకే ప్లాస్టిక్ కవర్లో ఉన్నాయి. బట్టల షాపు కవరు. అందులో గుండె డాక్టరు చీటీ, చర్మం డాక్టరు చీటీ, రెండూ ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి.

“బాబాయ్, తామరకి వెళ్లినప్పుడు గుండె మాత్రలు వాడుతున్నానని చెప్పావా?”

“చర్మం డాక్టరుకి గుండె సంగతి ఎందుకమ్మా? షుగరుందా అనడిగాడు, లేదన్నాను.”

ఆ జవాబులో ఆయన తప్పేమీ లేదు. మనందరి బుర్రల్లోనూ ఒంటికి అలాగే వాటాలు పంచి ఉన్నాయి. గుండెది గుండె డాక్టరుకి, చర్మానిది చర్మం డాక్టరుకి, మోకాలిది ఎముకల డాక్టరుకి. మందుకి ఆ వాటాలు తెలియవు. అన్నీ వెళ్లేది ఒకే పేగులోంచి, ఒకే కాలేయంలోంచి. ఇట్రాకొనజోల్ అనేది గ్రేప్‌ఫ్రూట్ అడ్డుకునే ఆ సీవైపీ3ఏ4నే అడ్డుకుంటుంది, అదీ పేగులోనే కాకుండా కాలేయంలో కూడా. మామూలుగా తాగే గ్రేప్‌ఫ్రూట్ రసం పని ఎక్కువగా పేగు వరకే. ఆ రోజే గుండె డాక్టరుకి ఫోన్ చేశాం. కండరం దెబ్బతింటే పెరిగే సీకే అనే రక్తపరీక్ష చేయిస్తే ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువ వచ్చింది. ఫంగస్ మందు కోర్సు అయ్యేదాకా అటోర్వా ఆపి, తర్వాత మళ్లీ మొదలుపెట్టమన్నారు. కొన్ని వారాల్లో నొప్పులు సర్దుకున్నాయి.

అంకెలు పక్కపక్కన పెడితే నా కోపం మీకూ అర్థమవుతుంది. అటోర్వాస్టాటిన్‌కి అమెరికాలో అనుమతించిన వివర పత్రంలో ఉన్న లెక్కలివి. రోజుకో గ్లాసు, అంటే 240 మిల్లీలీటర్ల గ్రేప్‌ఫ్రూట్ రసం తాగితే రక్తంలో మందు 37 శాతం పెరుగుతుంది. రోజుకి ముప్పావు లీటరు నుంచి 1.2 లీటర్ల దాకా తాగితే రెండున్నర రెట్ల వరకు పోవచ్చు. అదే ఇట్రాకొనజోల్‌తో 3.3 రెట్లు. గొంతునొప్పికీ, ఛాతీ ఇన్‌ఫెక్షన్‌కీ, కడుపులో పుండుకీ రాసే క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌తో 4.5 రెట్లు. అందుకే ఈ రెండు మందుల్లో ఏది వాడుతున్నా అటోర్వా రోజుకి 20 మిల్లీగ్రాములు దాటకూడదని ఆ పత్రంలోనే రాసి ఉంది. సిమ్వాస్టాటిన్‌తో అయితే అసలు కలపకూడదు. మన ఊళ్లో దొరకని పండు 37 శాతం పెంచుతుందని భయపడి నిమ్మకాయ మానేసిన మనిషి, మూడు రెట్లు పెంచే క్యాప్సూల్‌ని పొద్దునా రాత్రీ మంచినీళ్లతో మింగుతున్నాడు.

దీనికి ఎదురు వాదన కూడా ఉంది, అది తేలిగ్గా తీసేయాల్సింది కాదు. ఇంగ్లండ్ రాజధాని లండన్‌లోని క్వీన్ మేరీ యూనివర్సిటీకి చెందిన నికొలస్ వాల్డ్, ఆయన సహచరులు కొన్నేళ్ల క్రితం అమెరికన్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఏం రాశారంటే, గ్రేప్‌ఫ్రూట్ వల్ల స్టాటిన్ పెరిగితే కొలెస్ట్రాల్ ఇంకా తగ్గుతుంది, గుండెపోటు ముప్పు ఇంకా తగ్గుతుంది, కండరాలకి వచ్చే ప్రమాదం దానిముందు చాలా చిన్నది, కాబట్టి పండు మానమనడం అనవసరం అని. లెక్క ప్రకారం వాళ్ల మాటలో బలం ఉంది. నాకు ఒక్కచోట ఒప్పుదల లేదు. సగటు మనిషికి చిన్న ప్రమాదం అన్నది, డెబ్బై ఏళ్లు దాటి, కిడ్నీ కాస్త దెబ్బతిని, ఇంకో ఐదు రకాల మాత్రలు మింగే మనిషికి చిన్నది కాకపోవచ్చు. పైగా ఏ కాయలో ఆ పదార్థం ఎంతుందో కాయని చూసి చెప్పలేం. అందుకే ‘రసం తాగితే సగం మాత్ర సరిపోతుంది, డబ్బు మిగులుతుంది’ అని చెప్పే చిట్కా వీడియోలంటే నాకు మంట. మోతాదు పెంచాలంటే డాక్టరు 10 బదులు 20 రాస్తాడు, దానికి పండెందుకు?

పండు హెచ్చరిక అక్షరాలా వర్తించే తెలుగువాళ్లు కూడా ఉన్నారు. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే అమ్మానాన్నలు. ఆరు నెలల మందులు ఇక్కడే కొనుక్కుని, డాక్టరు చీటీ జిరాక్స్ తీసుకుని, సూట్‌కేసులో సర్దుకుని వెళతారు. అక్కడి ఫార్మసీలో మందు కొంటే సీసా మీద గ్రేప్‌ఫ్రూట్ వద్దని రంగు స్టిక్కర్ అంటిస్తారు. మనం పట్టుకెళ్లిన స్ట్రిప్ మీద ఆ స్టిక్కర్ ఉండదు. కోడలు టెక్సాస్ ఎర్ర గ్రేప్‌ఫ్రూట్ చవగ్గా ఉందని సంచీడు తెస్తుంది. షుగర్ తక్కువ, ఆరోగ్యానికి మంచిది, తినండత్తయ్యా అని రోజూ పొద్దున్నే సగం కోసి ఇస్తుంది. ప్రేమతోనే. రెండు దేశాల పద్ధతుల మధ్య హెచ్చరిక ఎక్కడో జారిపోయింది. మీ ఇంట్లో ప్రయాణం ఉంటే, పిల్లలకి ఈ ఒక్క మాట ముందే చెప్పండి. మిక్స్‌డ్ జ్యూస్ డబ్బాల మీద చిన్న అక్షరాల్లో గ్రేప్‌ఫ్రూట్ ఉందేమో చదవమనండి. స్టెంట్ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ విషయంలో ఈ రసం పని తిరగబడుతుంది. ఆ మందు ఒంట్లో మారితేనే పనిచేస్తుంది, గ్రేప్‌ఫ్రూట్ ఆ మార్పునే తగ్గిస్తుందని ఫిన్లాండ్‌వాళ్ల పరీక్షలో తేలింది.

ఇక్కడ మన మెడికల్ షాపుల్లో జరిగేది ఇంకో రకం. పదిహేను మాత్రల స్ట్రిప్‌లో ఆరు చాలంటే కత్తెరతో కోసి ఇస్తారు. కోసిన ముక్క మీద మందు పేరులో సగమే మిగులుతుంది, ఒక్కోసారి అదీ ఉండదు. స్టెంట్ వాళ్లకి ఇచ్చే క్యాప్సూల్స్‌లో ఒకే దాంట్లో రెండు మూడు మందులు కలిపి ఉంటాయి, వేసుకునే మనిషికి అందులో కొలెస్ట్రాల్ మందు కూడా ఉందని తెలియదు. కౌంటర్ అవతల నిలబడ్డప్పుడు ‘నేను కొలెస్ట్రాల్ మాత్ర వాడట్లేదు, గుండె గొట్టం మాత్రే’ అని ఖాయంగా చెప్పినవాళ్ల చేతిలోంచి స్ట్రిప్ తీసుకుని చూస్తే అటోర్వా కనిపించేది. అందుకే కంపెనీ పెట్టిన పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు పేరు చూసుకోవాలి. చివర ‘స్టాటిన్’ అని ఉంటే సాధారణంగా ఈ జాతిదే. మినహాయింపులూ ఉన్నాయి, ఉదాహరణకి నోట్లో వచ్చే ఫంగస్‌కి వాడే నిస్టాటిన్. పేరే కలిసింది, దానికీ కొలెస్ట్రాల్‌కీ సంబంధం లేదు.

రోసువా వాళ్లకి పండు బెడద లేదన్నాను, ఇంకోటుంది. భోజనమయ్యాక కడుపుబ్బరంగా ఉందని తాగే గ్యాస్ సిరప్. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న ఆ సిరప్‌ని మాత్రతోపాటే తాగితే రోసువా సగానికి సగం ఒంటికి పట్టదు. మాత్ర వేసుకున్న రెండు గంటల తర్వాత తాగాలి. నారింజ రసం నిజంగా పడని మాత్ర కూడా ఒకటుంది, అది కొలెస్ట్రాల్‌ది కాదు, తుమ్ములకీ దురదలకీ వాడే ఫెక్సోఫెనడిన్. దాన్ని పళ్లరసంతో కాకుండా నీళ్లతోనే మింగాలి, లేకపోతే మందు సరిగా ఎక్కదు.

మా ఇంట్లో ఇప్పుడు ప్రతి పెద్దవాళ్ల పర్సులోనూ ఒక కాగితం ఉంటుంది. వేసుకునే మాత్రల అసలు పేర్లు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట. పంటి డాక్టరైనా, చర్మం డాక్టరైనా, జలుబుకి వెళ్లినా ముందు ఆ కాగితం బల్ల మీద పెట్టమని చెప్పాను. చదివే తీరిక లేని డాక్టరైతే ‘కొలెస్ట్రాల్ మాత్రతో ఇది పడుతుందా?’ అని నోటితో అడగమన్నాను. యాంటీబయాటిక్ రాసినా, ఫంగస్ మందు రాసినా ఆ ప్రశ్న తప్పనిసరి. కొత్త మందు మొదలుపెట్టాక తొడలో పిక్కలో కారణం లేకుండా నొప్పెడితే కాపడం పెట్టుకుంటూ కూర్చోకుండా ఫోన్ చేయాలి. మూత్రం రంగు మారితే ఫోన్ కూడా కాదు, నేరుగా ఆసుపత్రికే. అంతేగానీ ఎవరో ఏదో పంపారని సొంతంగా మాత్ర ఆపేయకూడదు. ముఖ్యంగా స్టెంట్ ఉన్నవాళ్లు.

డాక్టర్లకీ, మందుల షాపులవాళ్లకీ కూడా ఒక మాట. అటోర్వా రాసేటప్పుడు చీటీ అడుగున తెలుగులో రెండు వాక్యాలు అచ్చు వేయించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. నిమ్మకాయ, బత్తాయి తినొచ్చు. ఫంగస్ మాత్రలు, యాంటీబయాటిక్ ఎవరు రాసినా మాకు చూపించాకే వేసుకోండి.